పక్క గదుల వాళ్ళూ కదలాలా?

పోయిన వారం మనం జగ్గమ్మను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, కరెంటు పోయిందని చెప్పి, ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. ఆవిడ మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు కరెంటు వచ్చింది, ఫ్యాను తిరుగుతోంది, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలైంది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. జగ్గమ్మకు నలభై నాలుగేళ్ళు. శ్రీకాకుళం నుంచి బెంగాల్‌కు ఓడరేవు పనికి వచ్చి అక్కడి వాట్‌గంజ్‌లో స్థిరపడ్డ కుటుంబం. భర్త పోలిరాజు ఇప్పటికీ రేవులో బస్తాలు మోస్తాడు. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా భవానీపూర్‌లో మునిసిపాలిటీ రోడ్లు ఊడుస్తోంది. ఆ వార్డు ఆఫీసులో హాజరు వేసే బాబు మొన్న రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి బయటివాళ్ళను తేవద్దని, ఊడ్చేవాళ్ళలోనే కంప్యూటర్ నేర్చుకున్న వాళ్ళను కూర్చోబెట్టాలని యూనియన్ పట్టుబట్టి ఉత్తర్వు తెచ్చింది. ఊడ్చే మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం ఆ వార్డు పుట్టాక ఇదే మొదలు. పోటీకి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు జగ్గమ్మ. రెండోవాడు గోపీనాథ్, ఆవిడ స్నేహితురాలు పెద్దప్పమ్మ కొడుకు, ఇరవై ఆరేళ్ళ వాడు, అదే వార్డులో రానివాళ్ళ బదులు ఊడ్చేవాడు, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించుకున్నవాడు.

ఓవర్సియర్ మృత్యుంజయ బాబు పెట్టిన షరతు చాలా సులువైనది. ఇద్దరికీ చెరొక జాబితా ఇచ్చాడు. ఇద్దరివీ సరిగ్గా ఉంటే సర్వీసు ఎవరిది ఎక్కువో వాళ్ళది కుర్చీ. ఎవరిదైనా తప్పితే రెండోవాళ్ళది. గోపీనాథ్ తోపుడు బళ్ళ జాబితా బుధవారమే ఒక్క తప్పు లేకుండా కొట్టి ఇచ్చేశాడు. జగ్గమ్మ అరవై నాలుగు మంది మనుషుల జాబితా చెయ్యాలి: హాజరుకు ఇచ్చే ఇత్తడి బిళ్ళ నంబరు, పేరు, ఊడ్చే బీటు. అది ఫ్లాపీలో ఎక్కి సాయంత్రం ఐదు గంటల వ్యానులో హెడ్డాఫీసుకు పోవాలి.

ఆ జాబితా నిన్న సాయంత్రానికే పూర్తయింది. అందుకే ఈ రోజు జగ్గమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

అసలు ఆవిడ నేర్చుకున్నది పదిహేను రోజుల్లో. నేర్పింది శారద అనే వరంగల్ అమ్మాయి. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం, భవానీపూర్‌లో అద్దె ఇల్లు, ఆ ఇల్లు జగ్గమ్మ బీటులో. ఒకనాడు పొద్దున్నే ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే జగ్గమ్మ చీపురు మీద బరువానించి మొత్తం సంభాషణ విన్నది. విని ఊరుకోక సలహా కూడా చెప్పింది. ఆ తరువాత రోజూ సాయంత్రం ఆరింటికి శారద ఇంట్లో పాఠం మొదలైంది.

"ఇది పెద్ద కాగితం అనుకో అక్కా. నిలువు వరసలకు అక్షరాలు, అడ్డం వరసలకు అంకెలు. రెండు కలిసిన కాడ ఒక గడి. బి వరసల మూడో గడి ఉన్నదనుకో, దాని పేరు బి మూడు. సమజైందా?" అన్నది శారద మొదటి రోజు.

జగ్గమ్మ ఆ గళ్ళను ఎగాదిగా చూసింది. "మా బస్తీయే కదేటి ఇది. బి గల్లీలో మూడో గది."

శారద ఒక క్షణం ఆలోచించి, ఆఫీసులో తనకు చెప్పినవాళ్ళెవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదని ఒప్పుకుంది. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా గళ్ళు లేవు, గదులే. బాణం గుర్తులతో గల్లీలో నడవడం, గదిలో రాసి ఎంటర్ కొట్టి తలుపు వెయ్యడం, ఒకటి రెండు అని రెండు అంకెలు రాసి మూల పట్టుకుని కిందికి లాగితే మిగిలిన అంకెలన్నీ తమంతట తామే వచ్చి నిలబడడం. ఈ చివరిది చూసిన రోజు జగ్గమ్మ అంకెల్ని ఏడు వందల దాకా లాగి, ఇంటికెళ్ళి పోలిరాజును నిద్ర లేపి మరీ చెప్పింది.

లెక్కల పాఠం రోజున శారద ఒక మెలిక చెప్పింది. "ముందు ఈ రెండు గీతల గుర్తు పెట్టాలె. పెట్టకుంటే నువ్వు రాసింది రాసినట్టే ఉంచుతది. పెడితే లెక్క చేసి చూపిస్తది." జగ్గమ్మ రెండు గీతలు పెట్టి, తాను ఉద్యోగంలో చేరేనాటి ఇరవై ఆరుకు సర్వీసు పద్దెనిమిది కలిపింది. గదిలో నలభై నాలుగు వచ్చింది. "నా వయసు దీనికెవులు సెప్పినారు?" అని శారద వైపు అనుమానంగా చూసింది.

అక్షరాలకు ఇబ్బంది లేదు. ఏడో తరగతి దాకా బెంగాలీ బడిలో చదివింది, ఇంగ్లీషు అక్షరాలు బస్సు బోర్డుల మీద పట్టుబడ్డాయి. పైగా ఆ యంత్రానికి ఒక మంచి గుణం ఉంది. ఒకసారి రాసిన పేరు మళ్ళీ రాయబోతే రెండు మూడు అక్షరాలకే మిగతాది అదే పూర్తి చేస్తుంది. మనవాళ్ళకు ఇంతకంటే కలిసొచ్చే సౌకర్యం ఉండదు. తాత పేరు మనవడికి, కొలిచే దేవుడి పేరు ఇంటింటికీ పెట్టుకునే జనం కాబట్టి, ఆ వార్డులో అరవై నాలుగు మందికి ఉన్న పేర్లు గట్టిగా ముప్ఫై. సూరన్నలు నలుగురు. అప్పమ్మలు ముగ్గురు, అందులో పెద్దప్పమ్మ మన గోపీనాథ్ తల్లి. కూర్మయ్యలు ఎందరో కూర్మనాథుడికే తెలియాలి.

ఇక నిన్నటి సంగతి. గురువారం సాయంత్రం జాబితా అంతా అయ్యాక, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉండాలని మృత్యుంజయ బాబు చెప్పి ఇంటికెళ్ళాడు. దానికి బొత్తం ఉందని జగ్గమ్మకు తెలుసు. పేర్లున్న బి గల్లీని నిలువునా పట్టుకుంది, బొత్తం నొక్కింది. యంత్రం ఊరికే పని చెయ్యకుండా ఇంగ్లీషులో ఏదో అడిగింది. పక్కనే బళ్ళ తాళాలు తగిలిస్తున్న గోపీనాథ్‌ను పిలిచింది.

"ఏటంతన్నాదిరా ఇది?"

గోపీనాథ్ వంగి చదివాడు. "పక్క వరసలు కూడా దీంతో కదలాలా, ఇదొక్కటే కదలాలా అని అడుగుతున్నాది పిన్నీ."

"ఇదొక్కటే. పక్కోలనెందుకు కదపడం" అన్నది జగ్గమ్మ.

దీని వెనక పద్దెనిమిదేళ్ళ మర్యాద ఉంది. ఊడ్చేవాళ్ళలో బీటంటే బీటే. నీ చీపురు నా బీటులోకి రాకూడదు, నా చెత్తకుప్ప నీ గట్టు దాటకూడదు. ఏడేళ్ళ కిందట ఒక సూరన్న ఇంకొక సూరన్న కుప్పను అడుగు దూరం జరిపినందుకు యూనియన్ మీటింగు పెట్టి టీలు తాగి రాజీ చెయ్యాల్సి వచ్చింది. పక్కవాళ్ళను కదపమంటావా అని ఎవరడిగినా, మనిషైనా యంత్రమైనా, వద్దని చెప్పడమే సంస్కారం. ఆవిడ సంస్కారంగా వద్దన్నది. పేర్లు ముచ్చటగా అక్షరాల వరసలో సర్దుకున్నాయి. దాచమని బొత్తం నొక్కి, యంత్రం ఆర్పి, గుడ్డ కప్పి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు శుక్రవారం మూడు గంటలకు ఆ గుడ్డ తీసింది.

ఆఫీసంటే పంపుహౌసు వెనక ఒక గది. కిటికీకి అవతల పని ముగించుకున్న వాళ్ళంతా గుమిగూడారు. అందరికంటే ముందు పెద్దప్పమ్మ, కిటికీ కమ్మీలు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కొడుకు పోటీలో ఉన్నా, స్నేహితురాలు పోటీలో ఉన్నా, తమాషా మాత్రం వదులుకోని మనిషి ఆవిడ.

మృత్యుంజయ బాబు కళ్ళజోడు సర్దుకుని తెర మీది మొదటి వరస చదివాడు. ఆయన మాట్లాడేది బెంగాలీ. మన కోసం తెలుగులో రాస్తున్నాను. కోపమో మెచ్చుకోలో వచ్చినప్పుడు మాత్రం ఆయన మాట ఆయనకే వదిలేస్తాను.

"ఒకటో బిళ్ళ. అప్పమ్మ. ట్రాం లైను." ఆయన ఆగాడు. "ఒకటో బిళ్ళ మహాలక్ష్మమ్మది కదా?"

కిటికీ అవతల మహాలక్ష్మమ్మ తన బిళ్ళ తనదేనని గట్టిగా చెప్పింది. ఆయన కిందికి చదువుకుంటూ పోయాడు. ఎవరి బిళ్ళా వాళ్ళకు లేదు, ఎవరి బీటూ వాళ్ళకు లేదు. పాతికేళ్ళుగా పార్కు దాటి ఎరగని కూర్మయ్య మెట్రో గేటుకు పోయాడు. ముసలి గురవయ్యకు ఆడవాళ్ళ స్నానాల ఘాటు పడింది. అది వినగానే కిటికీ అవతల పెద్ద నవ్వు లేచింది. గురవయ్య మొహం దాచుకుంటూ స్తంభం వెనక్కి జరిగాడు.

"ఎ కీ కాండో, జగ్గా దీ" అన్నాడు మృత్యుంజయ బాబు, ఇదేం గందరగోళం జగ్గక్కా అని.

జగ్గమ్మకు నవ్వు రాలేదు. ఏం జరిగిందో చూసిన క్షణమే అర్థమైంది: పేర్లు కదిలాయి, పక్కనున్న బిళ్ళలూ బీట్లూ కదలలేదు. కదపొద్దని తనే చెప్పింది. చేసింది వెనక్కి తిప్పే బాణం నొక్కింది. బాణం వెలవెలబోయి ఉంది. మూసి తెరిచాక పాతవేవీ దానికి గుర్తుండవని శారద చెప్పనే చెప్పింది. పోనీ హాజరు పుస్తకం చూసి మళ్ళీ కొడదామంటే, ఆ పుస్తకం పొద్దునే హెడ్డాఫీసుకు పోయింది.

మృత్యుంజయ బాబు గడియారం చూశాడు, తరువాత గోపీనాథ్‌ను చూశాడు. ఆయన మంచివాడే కానీ షరతు షరతే. ఆ చూపు జగ్గమ్మ కంటపడింది. ఆ కుర్చీ ఆవిడకు కావాలి. మోకాళ్ళ నొప్పి కోసమో జీతం కోసమో కాదు. పద్దెనిమిదేళ్ళుగా తెల్లారకముందే ఆ కుర్చీ పక్కన నిలబడి అందరి బిళ్ళలూ అందిస్తున్నది తనే. నలుగురు సూరన్నల్లో ఎవరు ఎవరో హాజరు బాబుకు తెలియక, "జగ్గా, నువ్వే ఇచ్చెయ్యి" అని చీకట్లో ఆయన కునికేవాడు. పని తనది, కుర్చీ ఆయనది. ఒక్కసారి రెండూ తనవి కావాలని ఆవిడ కోరిక.

ఆవిడ గోపీనాథ్ వైపు తిరిగింది. "నిన్న నువ్వు సదివినావు కదరా. నానొద్దంటే ఇలాగవుతాదని నీకు తెల్దా?"

గోపీనాథ్ తాళాల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"తెలుసు పిన్నీ."

"మరి సెప్పనేదేటి?"

"నోటి దాకా వొచ్చినాది. ఆగిపోనాను." వాడు కిటికీ వైపు చూడలేదు. "రాత్రంతా ఆ మాటే తిరిగినాది బుర్రలో. పొద్దున్న సెప్పేద్దామని బేగి వొచ్చినాను. అప్పటికి పుస్తకం ఎల్లిపోనాది."

జగ్గమ్మకు వాడి మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అబద్ధం చెప్పడానికి ఇంత అవకాశం ఉండి చెప్పని వాడి మీద కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోవడం కష్టం. కిటికీ దగ్గర పెద్దప్పమ్మ మాత్రం కొడుకును నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లలో ఒకటి రెండు మృత్యుంజయ బాబుకు కూడా అర్థమయ్యాయి.

"బాబూ, నాకో గంట కావాల" అన్నది జగ్గమ్మ బెంగాలీలో.

"పుస్తకం లేకుండా గంటలో ఏం చేస్తావు?"

"పుస్తకం హెడ్డాఫీసుకి పోనాది గానీ బిళ్ళలు పోనేదు కదేటి" అని తెలుగులో తనకు తానే చెప్పుకుని ఆవిడ యంత్రం వైపు కుర్చీ జరుపుకుంది.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. ఇత్తడి బిళ్ళలు మేకులకు వేలాడుతూనే ఉన్నాయి, కానీ వాటి మీద అంకెలే తప్ప పేర్లుండవు. ఏ అంకె ఎవరిదో గోడ మీద రాసి లేదు. రాసి ఉన్నది ఒక్క జగ్గమ్మ తలలో. అందుకే ఆవిడ మేకుల వైపు తల తిప్పనైనా లేదు.

పేర్ల గల్లీకి బీట్ల గల్లీకి మధ్య కొత్త గల్లీ ఒకటి తెరిచింది. ఖాళీ వరస చొప్పించడం శారద మూడో రోజు పాఠం. అప్పుడది ఎందుకు పనికొస్తుందో తెలియక, ఇరుకు బస్తీలో మధ్యన కొత్త గల్లీ వెయ్యగలిగితే ఎంత బాగుణ్ణు అని మాత్రం అనుకుంది. ఇప్పుడు ఒక్కొక్క పేరు పక్కనా ఆ మనిషి బిళ్ళ నంబరు రాయడం మొదలుపెట్టింది. మహాలక్ష్మమ్మ, ఒకటి. సన్యాసమ్మ, పంతొమ్మిది. గురవయ్య, ఆరు. జగ్గమ్మ, ముప్ఫై ఏడు. పేరు చదవగానే ఆ మనిషి అరచెయ్యి కళ్ళ ముందుకు వస్తోంది, అందులో బిళ్ళ కనిపిస్తోంది. ఇంత వేగంగా ఆవిడ ఎన్నడూ టైపు చెయ్యలేదు.

సూరన్నల దగ్గర వేళ్ళు ఆగాయి.

గోపీనాథ్ వెనక నిలబడి చూస్తున్నాడు. "పిన్నీ, ఇక్కడ నలుగురూ ఒకేలా ఉన్నారు. ఏ సూరన్న ఏ సూరన్నో ఎలాగ తెలుస్తాది?" వాడి గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే వాడికి దారి కనపడలేదు.

జగ్గమ్మ కూడా బిత్తరపోయింది. నాలుగు గదులు, నాలుగింటి మీదా సూరన్న. ఇందులో సోడాబుడ్డి కళ్ళద్దాల సూరన్న ఎవరు, బుడ్డ సూరన్న ఎవరు? హాజరు బాబు ఇన్నేళ్ళూ పడ్డ తంటా ఇప్పుడు తన నెత్తిన పడింది. బయట నలుగురు సూరన్నలూ తమ తమ ఆనవాళ్ళు కేకలేసి చెబుతున్నారు. ఎవరి కేకా ఎవరికీ అర్థం కావడం లేదు.

ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని తెరిచింది. మెల్లిగా నవ్వడం మొదలుపెట్టింది.

"ఒరే గోపీ, తెలియక్కర్లేదురా. సూరన్నల బిళ్ళలు తొమ్మిది, ఇరవై రెండు, ముప్ఫై ఒకటి, యాభై ఎనిమిది. ఎవులికి ఏదిచ్చినా, తొమ్మిదో గదికి ఒక సూరన్న ఎల్తాడు, ఇరవై రెండుకి ఇంకో సూరన్న ఎల్తాడు. ఎల్లినాక తలుపు మీద పేరు సూరన్నే కదేటి."

గోపీనాథ్ తల గోక్కున్నాడు. వాడి ఆరు నెలల కోర్సులో ఈ మాట ఎవరూ చెప్పలేదు. "అవును పిన్నీ" అన్నాడు చివరికి. నలుగురికీ నాలుగు అంకెలు పడ్డాయి. అప్పమ్మలు ముగ్గురూ, కూర్మయ్యలు ఐదుగురూ అదే దారిన గదులు చేరుకున్నారు.

అరవై నాలుగూ అయ్యాక ఆవిడ పేర్ల గల్లీనీ కొత్త గల్లీనీ కలిపి పట్టుకుంది. ఈసారి ఈ ఇద్దరూ కలిసి కదలాలి, అంకె ఎటుపోతే పేరు అటు. అంకెల వరసలో సర్దమని చెప్పింది. తెర ఒక్కసారి మెదిలింది. మొదటి వరసలో మహాలక్ష్మమ్మ వచ్చి కూర్చుంది, ట్రాం లైను ముందు, తన ఒకటో బిళ్ళతో. గురవయ్య ఆడవాళ్ళ ఘాటు నుంచి క్షేమంగా తన లైబ్రరీ సందుకు చేరుకున్నాడు.

మృత్యుంజయ బాబు ముందుకు వంగాడు. "అన్నీ సరిగ్గా వచ్చాయని ఏమిటి నమ్మకం?"

జగ్గమ్మ చివరి ఖాళీ గల్లీకి నడిచి, రెండు గీతలు పెట్టి, మొదటి గల్లీలోని పాత బిళ్ళ అంకెలోంచి తాను రాసిన అంకెను తీసెయ్యమని చెప్పింది. సున్నా వచ్చింది. ఆ గది మూల పట్టుకుని కిందికి లాగింది. సున్నా, సున్నా, సున్నా. అరవై నాలుగు సున్నాలు బారులు తీరాయి. సున్నాలు చూసి అంత సంబరపడ్డ మనిషిని ఆ ఆఫీసు అంతకు ముందు చూసి ఉండదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పనికొచ్చిన రెండు గల్లీలనూ చెరిపేసింది. ఇంకొక్క పని మిగిలింది. హెడ్డాఫీసు అడిగిన అక్షరాల వరస. మళ్ళీ పేర్ల గల్లీని పట్టుకుని బొత్తం నొక్కింది. యంత్రం నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగింది. ఇప్పుడు గోపీనాథ్ పిలవకుండానే గట్టిగా, కిటికీ అవతలి వాళ్ళకు కూడా వినబడేలా చదివాడు.

"పక్క గదుల వాళ్ళూ కదలాలా అని అడుగుతున్నాది."

"కదలాల. అందరూ కలిసి కదలాల" అన్నది జగ్గమ్మ.

అందరూ కలిసి కదిలారు. పేరు వెంట బిళ్ళ, బిళ్ళ వెంట బీటు. మృత్యుంజయ బాబు అక్కడక్కడ పదిహేను పేర్లు అడిగి చూశాడు. కిటికీ అవతలి నుంచి ఆ పదిహేను మందీ తమదేనని ఒప్పుకున్నారు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "భాలో" అని, బాగుందని, ఒక్క మాట అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం కూడా అపురూపమే.

బయట గోల మొదలైంది. ఎవరో బండి తొయ్యడానికి ఊదే ఈల తీసి ఊదారు. నలుగురు సూరన్నలూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకున్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పెద్దప్పమ్మే. కొడుక్కి రావలసిన కుర్చీ పోయిందన్న సంగతి ఆవిడకు గుర్తుందో లేదో గాని, "నా జగ్గమ్మే, నా జగ్గమ్మే" అని పక్కవాళ్ళ వీపులు చరుస్తూ, మట్టి కప్పుల్లో టీ తేవడానికి వీధిలోకి పరుగెత్తింది.

"కుర్చీ నీదే" అన్నాడు మృత్యుంజయ బాబు. జగ్గమ్మ లేచి దణ్ణం పెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. "ఒక్క ముక్క మిగిలింది. ఇటు చూడు."

తెర మీద ఆవిడ పేరు దగ్గర వేలు పెట్టాడు. జగ్గమ్మ, ముప్ఫై ఏడు, చేపల బజారు సందు.

"నువ్వు కుర్చీలోకి వస్తే ఈ గదిలో ఎవరుంటారు? బీటు ఖాళీగా ఉన్న జాబితా హెడ్డాఫీసు తీసుకోదు. కొత్తవాళ్ళను తీసుకోవడం ఎప్పుడో ఆపేశారు. బదిలీ మనిషి ఎవరైనా ఉంటే వాడిని పక్కా ఉద్యోగిని చేసి ఈ బిళ్ళ ఇవ్వొచ్చు, ఆ అధికారం నాకుంది. కానీ ఈ జాబితాతోనే పోవాలి. ఐదు లోపల పేరు పడకపోతే నీ పేరుతోనే పంపాలి. అప్పుడు నీది చీపురే, కుర్చీ కాదు."

ఆ వార్డులో బదిలీ మనిషి ఒక్కడే. ఎవరు రాకపోతే వాళ్ళ బదులు, ఆ రోజుకు వాళ్ళ బిళ్ళ పట్టుకుని, నాలుగేళ్ళుగా పని చేస్తున్నవాడు గోపీనాథ్. వాడికి సొంత బిళ్ళ లేకపోవడం పెద్దప్పమ్మ పట్టుదల వల్లే. ఒకసారి వచ్చిన అవకాశాన్ని ఆవిడే వద్దని పడగొట్టింది. బదిలీ పని ఏ రోజైనా వదిలెయ్యొచ్చు, బిళ్ళ పడితే మాత్రం అరవయ్యో ఏట గాని వదలదని ఆవిడ వాదన. తన తల్లి ఊడ్చింది, తను ఊడుస్తోంది, కొడుకు చేతికి ఆ ఇత్తడి అంటకూడదని ఆవిడ అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. కోర్సు ఫీజు కట్టింది అందుకే.

జగ్గమ్మ తన పేరున్న గదిలోకి వెళ్ళింది. తన పేరు చెరపడానికి ఒక్క బొత్తం చాలింది. గది ఖాళీ అయింది. ఆవిడ జి కొట్టింది. ఓ కొట్టింది. ఆగి చూసింది. సన్యాసమ్మకైతే ఈ పాటికి మిగతా అక్షరాలు తోసుకొచ్చేవి. ఇప్పుడు రాలేదు. పి కొట్టింది. అప్పుడూ రాలేదు. నాలుగేళ్ళుగా ఈ వార్డులో ప్రతి వీధీ ఊడ్చినవాడి పేరు ఈ జాబితాలో ఒక్క గదిలో కూడా లేదు. ఆ సంగతి అందరికీ తెలిసిందే, తెర మీద జగ్గమ్మ చూడడం మాత్రం ఇదే మొదలు.

ఆవిడ వెనక్కి తిరిగి వాడి మొహంలోకి చూసింది. "గోపీ, నీకిష్టం లేకపోతే ఇప్పుడే సెప్పు. సెరిపేస్తాను. నా సీపురు నాకుంటాది."

గోపీనాథ్ కిటికీ వైపు చూశాడు. తల్లి అక్కడ లేదు. వాడు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"నాకు బిళ్ళ కావాల పిన్నీ. మొదట్నుంచీ కావాల. రోజుకో మనిషి బిళ్ళ పట్టుకుని తిరిగి తిరిగి ఇసుగొచ్చేసినాది. ఈ కుర్చీ మా అమ్మకి కావాల, నాక్కాదు. నిన్న నోరు మూసుకున్నదీ ఆవిడకి బయపడే." వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "మిగతా అచ్చరాలు నువ్వే కొట్టు. కానీ అమ్మకి నాను సెప్పనేను. నువ్వు సెప్పాల."

గోడ గడియారంలో ఐదుకు పది నిమిషాలుంది. బయట వ్యాను హారను మోగింది. మృత్యుంజయ బాబు ఫ్లాపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జగ్గమ్మ కీబోర్డు వైపు తిరిగి ఐ అక్షరం వెతుక్కుంది.

అప్పుడే తలుపు తోసుకుని పెద్దప్పమ్మ లోపలికి వచ్చింది. రెండు చేతుల్లోనూ టీ కప్పులు, మొహం నిండా నవ్వు. మొదటి కప్పు జగ్గమ్మ పక్కన పెట్టి, ఆవిడ భుజం మీద చెయ్యేసి తెర వైపు వంగింది. చదవడం రాకపోయినా మెరిసే అక్షరాలంటే ఆవిడకు సరదా.

"ఇంకా ఏటి రాస్తన్నావే జగ్గమ్మా?" అన్నది. "ఎవులి పేరది?"